మొదటి సిగార్ ఎలా ఎంచుకోవాలి: కౌంటర్ వెనకనుంచి ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంతవరకు మీరు పొగ తాగలేదు. దగ్గరి స్నేహితుడి వేడుకలో అందరూ తలా ఒక సిగార్ ముట్టిస్తారు, మీరూ ఒకటి తీసుకువెళ్ళాలనుకుంటున్నారు. దుకాణంలో వరసలు వరసలుగా ఉన్న పెట్టెలు చూసి ఏమీ తోచక వెనక్కి వచ్చేశారు. ఒకరు క్యూబాదే కొనమన్నారు, ఇంకొకరు నల్లగా ఉన్నదాని జోలికి వెళ్ళవద్దన్నారు, మూడోవారు ముందు చవక రకంతో అలవాటు చేసుకోమన్నారు. ఎవరి మాట వినాలి, ఏ పేరుది కొనాలి?

ముగ్గురిదీ వినవద్దు. చేత్తో చుట్టిన, ఘాటు తక్కువగా ఉన్న, పైన చుట్టిన ఆకు లేత గోధుమరంగు కనెక్టికట్ రకానిదైన, పెటీ కరోనా అనే చిన్న కొలత సిగార్ ఒకటి కొనండి. పొడవు ఐదు అంగుళాల దరిదాపు, లావు 42 రింగ్ గేజ్ (ఈ కొలత సంగతి కింద చెబుతాను). అది లేకపోతే కాస్త పొడవైన కరోనా, అదీ లేకపోతే ఇంకా లావైన రోబుస్టో. భోజనం చేశాకే ముట్టించండి, పొగ ఊపిరితిత్తుల్లోకి దించకండి, చివరి మూడో వంతు వదిలేయండి. తొందరగా ఉంటే ఇక్కడితో ఆపి వెళ్ళి కొనుక్కోవచ్చు. కారణాలు కావాలంటే మిగతాది చదవండి, కొంచెం పొడవుగానే ఉంటుంది.

నా సంగతి ఒక్క మాట. చాలా ఏళ్ళు సిగార్లు అమ్మే దుకాణంలో పనిచేశాను. హ్యుమిడర్లలో, అంటే సిగార్లను తగిన తేమలో నిలవ ఉంచే పెట్టెల్లో, తేమ చూసుకోవడం, వచ్చిన పెట్టెలు విప్పి తనిఖీ చేయడం, కౌంటర్ దగ్గరకు వచ్చినవారికి నప్పేది చూపించడం నా పని. మొదటిసారి కొనేవారిని ఇట్టే గుర్తుపట్టవచ్చు: మొదటిసారి అని చెప్పడానికి మొహమాటపడి, తెలిసినవారిలా కనిపించాలని, అల్మరాలో అన్నిటికన్నా లావుగా నల్లగా ఉన్నదాన్ని వేలితో చూపిస్తారు. మీరు సూటిగా అడిగారు, అందుకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఎంపికలోకి వెళ్ళేముందు ఇది చెప్పకపోతే నాది అమ్మకందారు మాటే అవుతుంది. సిగార్ పొగ లోపలికి పీల్చకపోయినా హాని చేస్తుంది. నోరు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు సిగార్లు కారణమవుతాయని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లోనే ఒక పూర్తి సంపుటం వెలువరించింది. సిగరెట్‌లో ఒక గ్రాము పొగాకు కూడా ఉండదు. పెద్ద సిగార్‌లో 5 నుంచి 20 గ్రాములదాకా ఉండవచ్చు. కొన్ని పెద్ద సిగార్లలో ఒక సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడే పొగాకు ఉంటుంది. పైగా సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ, కాబట్టి నోటి లోపలి పొరల గుండానే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. ‘పీల్చడం లేదు కదా, ఏమీ కాదు’ అనే మాట అందుకే నిలవదు. ఇంతవరకు ఏ పొగా ముట్టనివారు మీరు. వేడుకలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. సిగరెట్ మానేయడానికి సిగార్ పట్టుకుందామనుకునేవారికైతే నా సమాధానం ఒక్కటే: వద్దు. అలాంటివారిని చాలామందిని చూశాను. పీల్చే అలవాటు పోదు, సిగార్‌నూ సిగరెట్‌లాగే లోపలికి లాగుతారు. ఇవన్నీ తెలిసి, చట్టం ఒప్పుకునే వయసు ఉండి, ఒకటి కాల్చి చూడాలనుకుంటే కిందిదంతా మీకోసం.

పరిమాణం ముందు, పేరు తర్వాత. సిగార్ కొలత రెండు అంకెల్లో చెబుతారు. మొదటిది పొడవు, అంగుళాల్లో. రెండోది లావు, రింగ్ గేజ్‌లో. ఒక గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. 42 గేజ్ సిగార్ అడ్డకొలత సుమారు 16.7 మిల్లీమీటర్లు, 50 గేజ్‌ది 19.8, 60 గేజ్‌ది 23.8. పక్కపక్కన పెట్టి చూస్తే కొద్దిపాటి తేడాలాగే కనిపిస్తుంది. అయితే లోపల పట్టే ఆకు అడ్డకొలత వర్గాన్నిబట్టి పెరుగుతుంది. పొడవు ఒకటే అయినా 50 గేజ్‌లో 42 కన్నా 40 శాతం ఎక్కువ ఆకు పడుతుంది. 60 గేజ్‌లో రెట్టింపు. మీ ఒంటికి కొత్త అయిన నికోటిన్‌ను రెట్టింపు తెచ్చి పెట్టే ఆ ఏడు మిల్లీమీటర్లను తేలిగ్గా తీసుకోకండి.

సాధారణంగా కొత్తవారికి అందరూ రోబుస్టో చెబుతారు. ఐదు అంగుళాల పొడవు, 50 గేజ్. అది చెడ్డ సలహా కాదు. లావుగా ఉండటంవల్ల పొగ కాస్త చల్లగా వస్తుంది, దమ్ము సులువుగా లాగవచ్చు. అయినా నేను మాత్రం పెటీ కరోనానే ఇచ్చేవాణ్ని, దానికి కారణం మనిషి స్వభావం. రోబుస్టో కాలడానికి ముప్పావు గంటనుంచి గంట పడుతుంది. కొత్తవారికి సగం దాటేసరికే చాలనిపిస్తుంది, కానీ డబ్బు పోసి కొన్నాం కదా అని, పక్కవాళ్ళు ఇంకా కాలుస్తున్నారు కదా అని ఆపరు. కాలేకొద్దీ తారు, తేమ, నికోటిన్ మిగిలిన ముక్కలో పేరుకుంటాయి కాబట్టి చివరి భాగం వేడిగా, చేదుగా, అన్నిటికన్నా ఘాటుగా ఉంటుంది. కళ్ళు తిరిగేది ఎక్కువగా అక్కడే. పెటీ కరోనా అరగంటనుంచి నలభై నిమిషాల్లో అయిపోతుంది. మొహమాటానికి మిగిలే సమయం తక్కువ.

అలాగని మరీ సన్ననిది తీసుకోకండి. లాన్సెరో అనే రకం ఏడున్నర అంగుళాల పొడవు, 38 గేజ్ లావు ఉంటుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, తెలిసినవారు ఇష్టపడతారు. సన్నని సిగార్‌లో లోపలి ఆకుతో పోలిస్తే పై ఆకు పాలు ఎక్కువ, అందుకే దాని రుచి బాగా తెలుస్తుంది. కొత్తవారు మాత్రం తెలియకుండానే వేగంగా లాగుతారు, సన్ననిది వేగాన్ని క్షమించదు, నాలుగు దమ్ములకే వేడెక్కి నాలుక మండిస్తుంది. చర్చిల్ అనే రకం ఏడు అంగుళాలు, గంటన్నర కూర్చోవాలి. ఇప్పుడు వాడుకలో బాగా పెరిగిన 60 గేజ్ రకం, గోర్డో గురించి లెక్క పైన చెప్పాను. ఇక సిగరిల్లోలనే సన్నని చిన్న సిగార్లు చూడటానికి సిగరెట్‌లా ఉంటాయి, సిగరెట్‌లాగే పీల్చేయాలనిపిస్తుంది, కాబట్టి అవీ వద్దు. కొన సన్నబడే టార్పెడో ఆకారం కూడా మొదటిసారికి అనవసరం. ముట్టించేముందు కొన ఎక్కడ కోయాలో తెలియక సగంమంది దాన్ని పాడుచేస్తారు. రెండు వైపులా ఒకే లావుతో నిటారుగా ఉన్నది చాలు.

రంగు చూసి ఘాటు చెప్పలేం. నల్లనిది ఘాటు, లేతది మృదువు అనే నమ్మకం ఎంత గట్టిదో, అంత నిరాధారమైనది. సిగార్‌లో మూడు పొరలు ఉంటాయి. పైన కనిపించే పై ఆకు, దాని కింద లోపలి కట్టను పట్టి ఉంచే బైండర్, మధ్యలో ఫిల్లర్. ఘాటు ఎక్కువగా ఫిల్లర్‌నుంచి వస్తుంది. ఫిల్లర్‌లో కూడా మొక్క మీద ఆకు ఎక్కడ పెరిగిందన్నది ముఖ్యం. కింది వరసల ఆకు వొలాడో. చక్కగా అంటుకుని కాలుతుంది, రుచి అంతంతమాత్రం. నడిమి ఆకు సెకో, సువాసనంతా దానిదే. పై వరసల ఆకు లిగేరో. ఎండంతా అదే తాగుతుంది కాబట్టి మందంగా, నూనెగా, ఘాటుగా ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది; అందుకే చుట్టేవారు దాన్ని సరిగ్గా నడిమధ్యలో పెడతారు. ఒక సిగార్ మిమ్మల్ని పడగొడుతుందా లేదా అన్నది ప్రధానంగా లోపల లిగేరో ఎంత ఉందన్నదాన్నిబట్టి ఉంటుంది. అది పైకి కనిపించదు. పెంకు రంగునుబట్టి గుడ్డు రుచి చెప్పబోవడం ఎలాంటిదో, పై ఆకునుబట్టి ఘాటు చెప్పబోవడం అలాంటిది.

మదురో అని పిలిచే నల్లని పై ఆకు నల్లబడేది ఎక్కువ కాలం, ఎక్కువ వేడితో పులియబెట్టడంవల్ల. ఆ క్రమంలో తరచు కొంత తియ్యదనం, కాఫీనీ చాక్లెట్‌నూ గుర్తుచేసే రుచులు వస్తాయి. మృదువైన మదురోలు ఉన్నాయి. అలాగే లేత కనెక్టికట్ ఆకు కింద నికరాగువా లిగేరో దట్టించిన సిగార్లూ ఉన్నాయి. లేత రంగు చూసి ధైర్యంగా తీసుకున్న ఒక పెద్దమనిషి మర్నాడు వచ్చి, ‘మెత్తనిది అన్నారు కదండీ, రాత్రంతా పడుకోలేకపోయాను’ అన్నారు. ఆయనకు దాన్ని నేను ఇవ్వలేదు, రంగు చూసి ఆయనే ఎంచుకున్నారు. ఆ మాట మాత్రం అనలేదనుకోండి.

అలాంటప్పుడు కనెక్టికట్ అని ఎందుకు చెప్పాను? ఆ ఆకు పలుచన, నునుపు. వెన్న, ఎండుగడ్డి, దేవదారు చెక్కలాంటి నెమ్మది రుచులు ఇస్తుంది, నోటిని కరవదు. దానికి జోడించే లోపలి ఆకు కూడా చాలావరకు మృదువైనదే ఉంటుంది. 1900 ప్రాంతంనుంచి అమెరికాలోని కనెక్టికట్ నదీలోయలో ఎండ నేరుగా పడకుండా పొలాలమీద పలుచని గుడ్డ పందిళ్ళు వేసి దీన్ని పండించారు. ఇప్పుడు ఆ పేరుతో వచ్చేదాంట్లో చాలా భాగం ఈక్వడార్‌లో పండుతుంది. అక్కడ మబ్బులే పందిరి. ఈక్వడార్ ఆకు కొంచెం మసాలా రుచితో ఉంటుంది. మీకు రెండింటిలో ఏదైనా ఫరవాలేదు. మిగిలిన జాగ్రత్తంతా అమ్మేవారిని అడిగే పద్ధతిలో ఉంది. ‘మంచిది ఇవ్వండి’ అనకుండా ‘మొదటిసారి కాలుస్తున్నాను, ఘాటు అన్నిటికన్నా తక్కువ ఉన్నది, పొట్టిది చూపించండి’ అనండి. ఘాటు, పొగ చిక్కదనం, రుచి ఈ మూడూ వేరువేరు. పొగ నోటికి చిక్కగా, రుచులు నిండుగా ఉండి కూడా నికోటిన్ తక్కువగా ఉండవచ్చు. అడిగేటప్పుడు ఘాటు గురించి అని విడిగా చెబితేనే సరైన జవాబు వస్తుంది.

చవక రకంతో మొదలుపెట్టమన్నవారి మాటకు వస్తే, వారు చెప్పేది సాధారణంగా యంత్రంతో చేసిన సిగార్ల గురించి. వాటిలో తరిగిన ఆకు ముక్కలు ఉంటాయి. చాలావాటిలో బైండర్ అసలు ఆకే కాదు, పొగాకు పొడిని గుజ్జు చేసి కాగితంలా పరిచిన రేకు. ముక్కలు త్వరగా, వేడిగా కాలుతాయి. నోట్లోకి పొట్టు వస్తుంది. అది కాల్చి ‘సిగార్ అంటే ఇదేనా’ అనుకోవడం సహజం. చేత్తో చుట్టినవాటిలో ఆకు ఈ చివరనుంచి ఆ చివరదాకా నిడివిగా ఉంటుంది, దాన్ని లాంగ్ ఫిల్లర్ అంటారు. పెట్టెమీద ఆ మాట ఉందేమో చూడండి. క్యూబా పెట్టెలమీదైతే ‘తోతాల్‌మెంతే ఆ మానో’ అని ఉంటుంది, పూర్తిగా చేత్తో చేసినదని. ఒట్టి ‘ఎచో ఆ మానో’ అని ఉంటే అందులో యంత్రం చెయ్యి కూడా ఉండవచ్చు. చేత్తో చుట్టినవాటిలోనే ధర తక్కువవి బోలెడు, మొదటిదానికి అక్కడ చూడండి. వనిల్లా, చెర్రీ వంటి పరిమళాలు కలిపినవి కొందరికి నచ్చుతాయి. నాకు నచ్చవు, అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

ఇక క్యూబా. పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వ్వెల్తా అబాహో నేలలో పండే ఆకు గొప్పదే, ఎవరూ కాదనరు. అయినా మొదటి సిగార్‌గా దాన్ని ఎందుకు చెప్పనంటే, ముందుగా నకిలీల బెడద. ప్రపంచంలో ఇంత నకిలీ జరిగే సిగార్లు మరొకటి లేవు. పర్యటననుంచి తిరిగివస్తూ ఎవరో బహుమతిగా తెచ్చిన కొహీబా (క్యూబాలో పేరున్న రకం) పెట్టెను పరీక్షించమని దుకాణానికి తెచ్చేవారు తరచు వచ్చేవారు. మూతకు అద్దం బిగించిన పెట్టె కనిపించగానే నాకు జవాబు తెలిసిపోయేది, ఎందుకంటే అద్దపు మూత పెట్టెలు నకిలీలకు పేరుమోసిన గుర్తు. వాళ్ళ ముఖాలు చూస్తూ ఆ మాట చెప్పడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టంలేని పని. రెండోది, క్యూబా సిగార్లు చాలావరకు కొన్నేళ్ళు నిలవ ఉంచితేనే నెమ్మదిస్తాయి. కొత్తగా వచ్చినవి కొన్ని గరుకుగా ఉంటాయి. మూడోది ధర. ఆ డబ్బుకు తగ్గ తేడా గుర్తుపట్టడానికి నాలుకకు కొంత అనుభవం కావాలి.

పేర్లలో ఒక మెలిక కూడా ఉంది, తెలిసి ఉండటం మంచిది. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ పరిశ్రమను జాతీయం చేసింది. యజమానుల కుటుంబాలు చాలా వలసపోయాయి, 1962లో అమెరికా వాణిజ్య నిషేధం వచ్చింది. దాని ఫలితంగా రోమియో ఇ హులియేతా, మోంటెక్రిస్టో, పర్తగాస్, హెచ్. ఉప్‌మన్ వంటి పేర్లు ఈనాటికీ రెండేసి ఉన్నాయి. ఒకటి క్యూబాది, రెండోది డొమినికన్ రిపబ్లిక్‌లోనో మరొక దేశంలోనో చేసేది. పేరు ఒకటే, ఆకు వేరు, చుట్టేవారు వేరు, రుచి వేరు. అందువల్ల ఎవరైనా పేరు చెప్పి ఇది మృదువు, అది ఘాటు అంటే ఏ దేశానిదో అడగండి.

పేర్లు కావాలని అడిగారు కాబట్టి: మకనూడో కఫే, ఆష్టన్ క్లాసిక్, ఆర్తూరో ఫ్వెంతే వారి షాతో ఫ్వెంతే, ఒలీవా కనెక్టికట్ రిజర్వ్, పెర్దోమో షాంపేన్, మోంటెక్రిస్టో వైట్. అన్నీ కనెక్టికట్ రకం పై ఆకువే, అన్నీ మృదువునుంచి మధ్యస్థం లోపు. ఇందులో షాతో ఫ్వెంతే పొట్టిగా, నాలుగున్నర అంగుళాలే ఉంటుంది, లావు 50. దుకాణంలో వీటిలో ఏది తాజాగా, సరైన తేమతో ఉంటే అది తీసుకోండి. వీటి మధ్య తేడా గురించి నిద్ర పాడుచేసుకోనవసరం లేదు. మొదటిసారికి తప్పించవలసినవి: లీగా ప్రివాడా నంబర్ 9, ఒలీవా సేరీ వి, పద్రోన్ 1926, లా ఫ్లోర్ డొమినికానా డబుల్ లిగేరో, క్యూబావాటిలో బొలీవర్, పర్తగాస్ సేరీ డి నంబర్ 4. చెడ్డవని కాదు, వీటిలో కొన్ని నాకు చాలా ఇష్టం. సమయం ఇది కాదు, అంతే.

ఏ పేరు కొన్నా అది ఎలా నిలవ ఉన్నదన్నది అంతకన్నా ముఖ్యం. ఈ జవాబులో ఒక్కటే గుర్తుంచుకునేటట్లయితే దీన్ని గుర్తుంచుకోండి. ‘ఆ కంపెనీ సిగార్ చేదండీ’ అని తిరిగి తెచ్చినవాటిని చేత్తో పట్టుకుని చూస్తే, చాలావరకు ఎండిపోయి ఉండేవి. సిగార్‌కు 65నుంచి 70 శాతం సాపేక్ష తేమ, 18నుంచి 21 డిగ్రీల వేడిమి సరిపోతాయి. ఎండిపోతే మండుతూ కాలుతుంది, నూనెలు ఆవిరైపోయి చేదు మిగులుతుంది. తేమ ఎక్కువైతే ఆకు ఉబ్బి పొగ రాదు, మాటిమాటికీ ఆరిపోతుంది. కాబట్టి దుకాణంలోకి వెళ్ళగానే సిగార్లకన్నా ముందు తేమ కొలిచే మీటర్ ఎక్కడుందో చూడండి. మామూలు గాజు అల్మరాలో, దీపాల వేడిలో, తేమ ఏర్పాటు లేకుండా పెట్టి అమ్ముతుంటే ఎంత గొప్ప పేరున్నా కొనకుండా బయటకు వచ్చేయండి. ఎండిన సిగార్‌ను మళ్ళీ తేమలో పెట్టినా పోయిన నూనెలు తిరిగి రావు.

చేతిలోకి తీసుకున్నాక, అమ్మేవారి అనుమతితో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నొక్కుతూ ఈ చివరనుంచి ఆ చివరకు వెళ్ళండి. కొద్దిగా లొంగి మళ్ళీ పైకి రావాలి. గలగలమని చప్పుడైతే ఎండింది. ఒకచోట గట్టిగా ముడిలా తగిలితే అక్కడ ఆకు కుక్కేశారు, పొగ ఆగుతుంది. ఒకచోట మరీ మెత్తగా ఉంటే అక్కడ వంకరగా కాలుతుంది. పై ఆకు పగుళ్ళు లేకుండా ఉండాలి. సన్నని ఈనెలు ఉండటం తప్పు కాదు. సూదితో పొడిచినట్టు గుండ్రని చిన్న రంధ్రాలు కనిపిస్తే అది పొగాకు పురుగు పని, ఆ పెట్టెలో ఏదీ కొనకండి. దూది పింజలా లేచిన బూజు ఉన్నా అంతే. ముట్టించే కొనవైపు చూస్తే మడతలు మడతలుగా ఆకులు కనబడాలి. వాసన చూడాలంటే సిగార్‌ను కాస్త దూరంగా పట్టుకుని చూడండి. ముక్కుకు ఆనించి, పెదవులకు తాకించి మళ్ళీ పెట్టెలో పెట్టేసే పెద్దమనుషులు ఎక్కువ, తర్వాత అది కొనేది మీలాంటివారే. అమ్మోనియాలా ఘాటుగా కొడితే ఆకు ఇంకా పక్వానికి రాలేదని అర్థం.

వేడుకకు ఇంకా రోజులు ఉంటే హ్యుమిడర్ కొనకండి, ఒక సిగార్‌కు అది దండగ. గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో సిగార్‌తోపాటు బోవెడా లాంటి తేమ పొట్లం ఒకటి, 65 లేదా 69 శాతానిది, వేసి మూసి ఎండ తగలని చోట పెట్టండి. వేడిమి 25 డిగ్రీలు దాటే చోట ఎక్కువ రోజులు ఉంచితే ఆకులో ఉన్న పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో విడిగా పెడితే ఎండిపోతుంది, పక్కనున్న వాసనలన్నీ పట్టుకుంటుంది. అదే రకం రెండు కొనమని చెప్పేవాణ్ని: వేడుకలో కాల్చేముందు ఎప్పుడైనా తీరిగ్గా, ఎవరూ చూడకుండా ఒకటి ముట్టించి చూస్తే అక్కడ తడబాటు ఉండదు.

కోయడం గురించి తక్కువే చెప్పాలి. నోట్లో పెట్టుకునే కొనమీద టోపీలాంటి చిన్న ఆకు ముక్క అతికించి ఉంటుంది. రెండు బ్లేడ్ల కట్టర్‌తో అందులో పైపైన రెండు మిల్లీమీటర్లు తీస్తే చాలు. వంపు దాటి కిందికి కోస్తే పై ఆకు ఊడిపోతుంది. కోశాక ముట్టించకుండానే ఒకసారి గాలి లాగి చూడండి. కొంచెం పట్టుగా ఉంటూ గాలి రావాలి. బ్యూటేన్ గ్యాస్ లైటర్, లేదా పొడవాటి అగ్గిపుల్ల వాడండి. పెట్రోలు రకం లైటర్, కొవ్వొత్తి వాడితే వాటి వాసన మొదటి దమ్ములోనే తెలుస్తుంది. మంట సిగార్‌కు తాకకుండా, సిగార్‌ను దానికి కొంచెం పైన పట్టుకుని తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచి, అప్పుడు దమ్ము లాగండి. ఎర్రదనం గుండ్రంగా అంతటా వచ్చిందా అని కొనమీద మెల్లగా ఊది చూసుకోండి.

అసలు కళ ఇక్కడ మొదలవుతుంది, దాని పేరు ఓపిక. నిమిషానికి ఒక దమ్ము చాలు. పొగ నోట్లోకి తీసుకుని ఒకటి రెండు క్షణాలు ఉంచి వదలండి, మింగకండి, పీల్చకండి. సిగార్ వేళ్ళకు వేడిగా, మెత్తగా తగులుతుంటే మీరు తొందరపడుతున్నట్టు. ఆరిపోతుందేమోనన్న భయంతోనే చాలామంది గబగబా లాగుతారు. ఆరిపోనివ్వండి. బూడిద దులిపి, లోపల మిగిలిన పొగ పోయేలా ఒకసారి బయటికి ఊది మళ్ళీ ముట్టించుకోవచ్చు. గంటలోపు అయితే రుచి పెద్దగా మారదు. సిగరెట్‌లా బూడిదను మాటిమాటికీ రాల్చనవసరం లేదు. రెండు సెంటీమీటర్లదాకా నిలిచాక యాష్‌ట్రే అంచుకు ఆనించి తిప్పితే దానంతట అదే రాలుతుంది. సిగార్ చుట్టూ అంటించిన పేరు కాగితాన్ని, అంటే బ్యాండ్‌ను, ఎప్పుడు తీయాలన్నదానిమీద గంటలకొద్దీ వాదించేవాళ్ళున్నారు; వేడికి జిగురు వదులయ్యాక తీస్తే ఆకు చిరగదు, అంతకుమించి అందులో శాస్త్రం లేదు. కాల్చడం అయ్యాక నలిపి ఆర్పకండి, వాసన గది నిండా కమ్ముకుంటుంది. యాష్‌ట్రేలో పెడితే కాసేపటికి ఆరిపోతుంది. ఆ ముక్కలో నికోటిన్ మిగిలే ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు, కుక్కలకు అందకుండా పారేయండి.

ఖాళీ కడుపుతో మాత్రం ముట్టించవద్దు. చలచల్లని చెమట, కళ్ళు తిరగడం, నోట్లో నీళ్ళూరడం, వికారం కనిపిస్తే అది నికోటిన్ ఎక్కువైన సూచన. వెంటనే పక్కన పెట్టేయండి, కూర్చోండి, గాలి తగిలేలా ఉండండి, నీళ్ళు తాగండి. కాస్త తియ్యనిది తింటే చాలామందికి తేరుకున్నట్టు ఉంటుంది. సాధారణంగా కొద్దిసేపట్లో తగ్గిపోతుంది. తగ్గకపోయినా, గుండె దడ ఎక్కువైనా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. వేడుకల్లో మద్యం కూడా ఉంటుంది. తలతిప్పు దేనివల్లో తెలియకుండా రెండూ కలిసి పనిచేస్తాయి, కాబట్టి మొదటిసారికి మంచినీళ్ళతోనే కాల్చండి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారికి, గర్భిణులకు ఈ జవాబులో ఏదీ వర్తించదు, వారు ముట్టుకోకూడదు. మీ పక్కన కూర్చునేవారికీ ఆ పొగ హాని చేస్తుంది, బయట గాలిలో కూర్చోండి.

కాల్చాక నచ్చకపోతే అక్కడితో వదిలేయండి, ఇది నేర్చుకుతీరవలసిన విద్య ఏమీ కాదు. ఎప్పుడో మరొకటి కాల్చాలనిపిస్తే ఒక్కసారికి ఒక్కటే మార్చండి. పరిమాణం అదే ఉంచి పై ఆకు మార్చి, మృదువైన మదురో తీసుకోండి. లేదా అదే సిగార్‌ను రోబుస్టో కొలతలో తీసుకోండి. రెండూ ఒకేసారి మారిస్తే నచ్చింది ఏదో, నచ్చనిది ఏదో తెలియదు. మళ్ళీ దుకాణానికి వెళ్ళినప్పుడు మొదటిది ఏమిటో, ఎంతవరకు కాల్చారో, ఎక్కడ చేదనిపించిందో చెప్పండి. తెలిసిన అమ్మకందారుకు ఆ మూడు సంగతులు చాలు.